బస్టాండు కోతికి రెండోసారి అంత్యక్రియలు

మా కాలేజీ మ్యూజియం అంటే ఒక్క గది. అంతకుముందు అది పత్తి బస్తాలు వేసుకునే గోడౌను. తలుపు తీయగానే ఫార్మలిన్ వాసన కొట్టేది, దాని వెనకాల ఎన్నేళ్ళయినా పోని పత్తిగింజల వాసన. సీసాల్లో పాములు, రెండు తలల మేకపిల్ల, ఎవరో తెచ్చిచ్చిన తాబేటి చిప్ప, గది మధ్యలో చెక్క బల్ల మీద కూర్చోబెట్టిన ఒక కోతి. నాకంటే ముందు పనిచేసిన లెక్చరరు దాని చర్మం ఒలిచి, గడ్డి కూరి, కుట్టి పెట్టి వెళ్ళిపోయాడు. పాపం ఆయనకు కుట్టుపని రాదు. ఒక కన్ను గాజుది, రెండోది పిల్లలాడుకునే గోళీ. అందువల్ల అది ఒక కంటితో మనల్నీ, ఇంకో కంటితో కిటికీనీ చూస్తుండేది. కుడి చెవి సగం లేదు.

డెబ్బైల చివరి రోజులు. నేను జువాలజీ లెక్చరరుగా తిరువూరు వచ్చి ఏడాది దాటింది. కాలేజీ కరస్పాండెంటు గారు రెడ్డిగూడెం వైపు మామిడి తోటలున్న ఆసామి. ఆయనకు కాలేజీని డిగ్రీ దాకా పెంచాలని కోరిక. దానికి యూనివర్సిటీ కమిటీ వచ్చి చూసి పోవాలి. ఒకరోజు నన్ను పిలిచి, "మాస్టారూ, మీరు ప్రజలకేం చేస్తున్నారు అని కమిటీ వాళ్ళు అడుగుతారంట. మనమేం చేస్తున్నాం?" అన్నారు. ఏమీ చెయ్యడం లేదని చెప్పాను. "అయితే ఏదోటి చెయ్యండి. ఆ మ్యూజియం తీసి, ఆదివారాలు జనానికి ఉపన్యాసాలు చెప్పండి" అన్నారు.

దేని మీద చెప్పాలో ఆయన చెప్పలేదు. నేనే చెప్పాను. ఆ మధ్యనే పేపర్లో వచ్చింది, పరిశోధనల కోసం మన కోతుల్ని విదేశాలకు పంపడం ప్రభుత్వం ఆపేసిందని. ఆ వార్త పట్టుకుని మూడు ఉపన్యాసాలు రాసిచ్చాను. మొదటిది, కోతుల్లో ఎన్ని రకాలు. రెండోది, కోతుల మీద పరిశోధనల వల్ల మనుషులకు ఏం ఒరిగింది. మూడోది, అలా చెయ్యడం న్యాయమేనా.

నాకు కావలసింది మూడోది. దాన్ని చెప్పడానికే మొదటి రెండూ పెట్టాను. దాచి లాభం లేదు, ఇక్కడే చెప్పేస్తాను. తిరువూరు రాకముందు రెండేళ్ళు పట్నంలో టీకా మందులు పరీక్షించే ఒక సంస్థలో పనిచేశాను. ఉద్యోగం పేరు పెద్దది, పని చిన్నది. డాక్టరు సూది వేసేటప్పుడు కోతి కదలకుండా రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకోవాలి. అక్కడున్న ఒక ఆడకోతిని చివరిసారి పట్టుకున్నది నేను. ఆ తరవాత నెల తిరక్కుండా మానేశాను. జీతం చాలడం లేదని ఇంట్లో అబద్ధం చెప్పాను. జరిగింది మా అమ్మక్కూడా చెప్పలేదు. మూడో ఉపన్యాసంలో, సైన్సు మాటల చాటున, నలుగురి ముందూ ఒక్కసారి కక్కేస్తే నాకు ఊపిరాడుతుందని ఆశ. చాటు లేకుండా చెప్పే ధైర్యం నాకు లేదు.

ఈ మూడు ఉపన్యాసాలకు ఒక కమిటీ వేశారు. కరస్పాండెంటు గారు, నేను, హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరై ఊళ్ళో పౌరోహిత్యం చేసుకుంటున్న పంతులు గారు, మిషన్ స్కూలు హెడ్‌మిస్ట్రెస్ గారు. మొదటి సమావేశం బజ్జీలతో మొదలై బజ్జీలు అయిపోగానే ముగిసింది. మధ్యలో జరిగిన చర్చ ఇదీ.

"ఎవడండీ పంపడం ఆపింది?" అన్నారు కరస్పాండెంటు గారు. "మా తోటకొచ్చి చూశాడా వాడు? పిందె పట్టిందో లేదో, తెంపి అవతల పారేస్తున్నాయి. ఒక్క లారీ పంపమనండి, మంద మొత్తం ఎక్కించేస్తాను. తీసుకెళ్ళి పరిశోధనలే చేసుకుంటారో, పెళ్ళిళ్ళే చేస్తారో వాళ్ళిష్టం."

పంతులు గారు చెవులు మూసుకున్నారు. "ఆంజనేయస్వామి సంతతండీ. సూదులు గుచ్చడం మహా పాపం."

"మొన్న మీ పెరట్లో అరటిగెల లాక్కుపోతే మీరు రాయి పుచ్చుకుని వీధి చివరిదాకా తరిమారంటగా?" అన్నారు కరస్పాండెంటు గారు.

"తరమడం వేరు, పరిశోధించడం వేరు" అన్నారు పంతులు గారు.

ఆ వాక్యం నేను నోట్సులో రాసుకున్నాను. రెండేళ్ళు ఆ సంస్థలో ఉన్నా ఎవరూ నాకింత తేటగా చెప్పలేదు.

హెడ్‌మిస్ట్రెస్ గారు అంతసేపూ నా కాగితం చదివారు. ఆవిడ కళ్ళజోడు తీసి మాట్లాడితే ఎదుటివాడికి పనైపోయినట్టే. తీశారు. "మా మూడో తరగతిలో మోకాలి మీద చెయ్యి పెట్టుకుని నడిచే పిల్లుంది. పోలియో. వాళ్ళమ్మ ఏ మీటింగు పెట్టినా వచ్చి ముందు వరసలో కూచుంటుంది. ఆ తల్లి ముందు నిలబడి కోతుల మీద జాలి ఎలా చెప్తారో నాకు ముందు చెప్పండి మాస్టారూ" అన్నారు. వేడి బజ్జీ నోట్లో ఉన్నట్టు నటించాను.

ప్రచారం బాధ్యత కరస్పాండెంటు గారే తీసుకున్నారు. రిక్షాకి మైకు కట్టించి ఊరంతా తిప్పారు. గంపలగూడెం, ఎ.కొండూరు సంతలకు కూడా పంపారు. అంతా ఊదరగొట్టిన మాట ఒకటే: "కోతుల విషయమై కాలేజీలో సభ, రైతు సోదరులు తప్పక రావాలి." రైతు సోదరులు ఎందుకని అడిగితే, "వాళ్ళు రాకపోతే హాలు నిండదండీ" అన్నారు. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు. మేం కోతితోనే మొదలుపెట్టాం కాబట్టి మాకు ఆ దిగులు కూడా లేదు.

మొదటి ఆదివారం హాలు నిండింది. నేను కొండముచ్చు తోక గురించీ, మామూలు కోతి బుగ్గ సంచుల గురించీ గంటసేపు చెప్పాను. అంత శ్రద్ధగా విన్న జనాన్ని మళ్ళీ చూడలేదు. అయిపోగానే అందరూ లేచి వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో అర్జీ. పెంకులు పీకేస్తున్నాయని ఒకరు, మొక్కజొన్న కంకి దక్కనివ్వడం లేదని ఒకరు, ఆరేసిన చీర చెట్టెక్కించాయని ఒకావిడ. నన్ను కోతుల ఆఫీసరు అనుకున్నారు. నేను ఒట్టి లెక్చరర్నని చెబితే ఒకాయన నవ్వి, "అందరాఫీసర్లూ అలాగే అంటారండీ" అని అర్జీ నా జేబులో దోపాడు. ఎవరినీ నొప్పించడం ఇష్టం లేక అన్నీ తీసుకున్నాను. నా చేతకానితనానికి అప్పుడే నాంది పడింది.

రెండో ఆదివారం పరిశోధనల వల్ల లాభాలు చెప్పాను. ఈసారి మ్యూజియం గదిలోనే పెట్టాం. ముందు వరసలో ఆ పోలియో పిల్ల తల్లి కూర్చుంది. చుక్కల మందు ఎలా తయారవుతుందో, దాని వెనక ఎన్ని కోతులు పోయాయో చెబుతుంటే ఆవిడ రెప్ప వెయ్యకుండా వింది. ఆవిడ వెనక బస్టాండులో అరటిపళ్ళమ్మే మామ్మ ఉంది. ఎండ పడలేక లోపలికొచ్చి కూర్చున్న మనిషి. ఆమెకు నా మాటలు పట్టలేదు, బల్ల మీద కోతిని చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి లేచి వచ్చి దాని చెవి పట్టుకుంది.

"ఇది మన బస్టాండుదే కదర్రా!" అని అరిచింది. "ఈ చెవి నా కళ్ళ ముందరే కుక్క కొరికింది. రోజూ నా దగ్గర పండు తినేది. దీన్ని ఎత్తుకొచ్చింది మీరా?"

సభ ఆగిపోయింది. తలా ఒక ముక్కా చెప్పగా నాకు అర్థమైన కథ ఇది. నాలుగేళ్ళ క్రితం ఆ కోతి బస్టాండు దగ్గర కరెంటు తీగ పట్టుకుని చచ్చిపోయింది. కోతి పోతే మనిషికి చేసినట్టే చెయ్యాలి కదా. కొత్త గుడ్డ తెచ్చారు, మేళం పిలిచారు, పాడె కట్టారు. తీరా చూస్తే శవం లేదు. అందరూ పాడె కట్టే పనిలో ఉండగా మా పాత లెక్చరరు దాన్ని గోనెసంచిలో వేసుకుని రిక్షా ఎక్కి కాలేజీకి తెచ్చేసుకున్నాడు. సైన్సు మీద అంత ప్రేమ ఉన్నవాడు. ఇవతల మేళం వాయిస్తోంది, జనం పోగయ్యారు, ఊరికే ఎలా పంపుతారు? కొత్త గుడ్డలో పీచు తీయని కొబ్బరికాయ చుట్టి, పాడె మీద ఊరేగించి, బస్టాండు వెనక పూడ్చారు. ఆ కాయ మొలిచింది. ఇప్పుడక్కడ నడుమెత్తు కొబ్బరి మొక్క ఉంది, దానికి రోజూ ఎవరో ఒకరు బొట్టు పెడతారు.

మర్నాటికి ఊరంతా కాలేజీ ముందుంది. శవం ఇచ్చెయ్యమన్నారు. కమిటీ మళ్ళీ కూర్చుంది, ఈసారి మామ్మతో సహా. బజ్జీలు రాలేదు.

"ఇచ్చెయ్యడానికి నాదేం పోయింది? అది కాలేజీ సామాన్లు రాసే డెడ్ స్టాక్ రిజిస్టర్లో ఉంది" అన్నారు కరస్పాండెంటు గారు. "యూనివర్సిటీ వాళ్ళొచ్చి కోతేదీ అంటే?"

"సమాధి చూపించండి" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు.

"పోనీ లోపలి గడ్డి తీసి పూడ్చేద్దాం, పైన చర్మం మనముంచుకుందాం" అని ఆయన బేరం పెట్టారు.

మామ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "నీకైతే అలా చేయించుకుంటావా బాబూ?"

పంతులు గారికి వేరే చిక్కు వచ్చింది. "తప్పిపోయినవాడికి దర్భలతో దహనం చేశాక వాడు బతికి తిరిగొస్తే ఏం చెయ్యాలో శాస్త్రంలో ఉంది. గడ్డి కూరుకుని తిరిగొస్తే ఏం చెయ్యాలో లేదు" అని నిజంగానే బాధపడ్డారు. చివరికి కొబ్బరికాయకు చేసింది చెల్లదనీ, మొదట్నుంచీ చెయ్యాలనీ తేల్చారు. గోత్రం సంగతి వచ్చింది. గోత్రం తెలియని వాళ్ళకు కాశ్యపం చెప్పుకోవచ్చన్నారు. నేను మధ్యలో చెయ్యెత్తి, మరి ఆదివారం నా మూడో ఉపన్యాసం అన్నాను. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్ట కాల్చుకోవడానికి నిప్పడిగినట్టు చూశారు నన్ను. "మైలలో ఉపన్యాసమేంటండీ? పూడ్చే దగ్గర రెండు ముక్కలు చెప్పండి, సరిపోతుంది" అన్నారు కరస్పాండెంటు గారు. నాకు ఒళ్ళు మండింది. ఏడాదిగా గుండెల్లో మోస్తున్నది రెండు ముక్కలా? అయినా నోరు మూసుకున్నాను, అర్జీలు తీసుకున్నట్టే.

ఇక కర్త ఎవరు? కర్త గుండు చేయించుకోవాలి. కరస్పాండెంటు గారి తండ్రి ఎనభై దాటినా నిక్షేపంగా ఉన్నారు, కాబట్టి ఆయన పనికిరారు. పంతులు గారు మంత్రం చెప్పాలి. అందరూ నా వైపు తిరిగారు. "మాస్టారూ, మీ నాన్నగారు...?" నా చిన్నప్పుడే పోయాడని చెప్పాను. ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా ఎవరూ అడగని ప్రశ్న. "మంచిది!" అన్నారు కరస్పాండెంటు గారు, వెంటనే నాలిక కరుచుకున్నారు. నా అర్హతలన్నిటిలో తిరువూరికి పనికొచ్చింది అదొక్కటే.

ఆదివారం పొద్దున గుండుతో బజార్లోంచి నడిచి వెళ్తుంటే కనపడ్డ ప్రతివాడూ ఆపాడు.

"అయ్యో, ఎవరు పోయారు మాస్టారూ?"

"మ్యూజియం కోతండీ."

"అలాగా. బాగా పెద్ద వయసేనా?"

రిజిస్టర్లో ఆ కోతి పేరు కొట్టేసి, కారణం అనే గడిలో అంత్యక్రియలు అని రాసి సంతకం పెట్టాను. దాన్ని పాడె మీద పడుకోబెట్టడం కుదర్లేదు. కూర్చున్నట్టు కుట్టారు కాబట్టి కూర్చునే వెళ్ళింది. నాలుగేళ్ళ కిందట వాయించిన మేళమే వచ్చింది. దారి పొడుగునా జనం దండం పెట్టారు. గోళీ కన్ను మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా పక్కకి చూస్తూ పోయింది. నాకు నవ్వొచ్చింది, కర్త నవ్వకూడదని పంతులు గారు మోచేత్తో పొడిచారు.

బస్టాండు వెనక, కొబ్బరి మొక్క పక్కనే గొయ్యి తీశారు. కోతిని దించారు. పంతులు గారు నా చేత నీళ్ళు వదిలించి, మంత్రం మొదలుపెట్టి, ఆగారు. "గోత్రం కాశ్యపం. పేరు చెప్పండి."

బస్టాండు కోతి అనేవాళ్ళే గాని దానికి పేరంటూ లేదు. "కర్త చెప్పాలి. ఏదో ఒకటి చెప్పండి మాస్టారూ" అన్నారు.

"పదిహేడు" అన్నాను.

పంతులు గారు తలెత్తారు. "పదిహేడేంటండీ?"

"బోను మీద అదే రాసుండేది. పేరు పెట్టలేదు. ఆడది."

"ఇది మగది కదండీ!"

"నేను చెప్పేది దీని గురించి కాదండి" అన్నాను.

మేళం వాళ్ళు ఎందుకో ఆపేశారు. రాసుకొచ్చిన కాగితాలు జేబులోనే ఉన్నాయి. నేను తియ్యలేదు, తీసినా అందులో ఇది లేదు. గుండు మీద ఎండ కాలుతుంటే ఆ గొయ్యి పక్కన నిలబడి మొత్తం చెప్పాను. నేను బోను దగ్గరికి వెళ్తే అది చువ్వల మధ్య నుంచి చెయ్యి చాపి నా ముంజేయి పట్టుకునేదనీ, వెంట్రుకలు పాయలు తీసి పేలు వెతికేదనీ చెప్పాను. నా చేతికి పేలెక్కడివి? అయినా రోజూ వెతికేది, ఏదో దొరికినట్టు నోట్లో వేసుకునేది. చివరి రోజు బల్ల మీదికి తీసుకెళ్తుంటే కూడా నా చేతిని వెతుకుతూనే ఉంది. ఆ చేతులతోనే దాని రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాను. డాక్టరు అయిపోయిందనే దాకా వదల్లేదు. ఇంతే నా మూడో ఉపన్యాసం. అందులో సైన్సు మాట ఒక్కటీ లేదు. చెబుతూ ఏడ్చాను, కర్త కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు.

పోలియో పిల్ల తల్లి ముందుకొచ్చింది. "ఆ మందు ముందే పడుంటే మా పిల్ల నడిచేదా అండీ?"

"నడిచేదేనమ్మా" అన్నాను.

ఆవిడ కాసేపు గొయ్యిలోకి చూసింది. "మరైతే నేనేం అనలేనండి" అని వెనక్కి వెళ్ళి నిలబడింది. హెడ్‌మిస్ట్రెస్ గారు ఆవిడ భుజం మీద చెయ్యి వేశారు. ఇది న్యాయమా కాదా అని ఎవరూ తేల్చలేదు. కరస్పాండెంటు గారు కూడా లారీ మాట ఎత్తలేదు.

చెప్పేశాను కదా, ఇప్పుడు తేలికవుతుందని ఎదురుచూస్తూ నిలబడ్డాను. అరటిపళ్ళ మామ్మ నా పక్కకొచ్చింది. పండొకటి ఒలిచి గొయ్యిలో వేసి, నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"రోజూ నీకు వెతికేదన్నావు కదా నాయనా" అంది. "మరి దాని తల నువ్వెప్పుడన్నా చూశావా?"

కోతుల్లో పేలు చూడడం ఒకరికొకరు చేసుకునే పని. ఆ సంగతి నేను పిల్లలకు క్లాసులో చెబుతాను, పరీక్షలో ప్రశ్న కూడా ఇచ్చాను. రెండేళ్ళూ అది వెతుకుతుంటే చెయ్యి చాపుకుని నిలబడ్డానే గాని, దానికి చెయ్యాలని నాకు ఒక్కనాడూ తట్టలేదు.

"లేదు మామ్మా" అన్నాను.

"సరే, మట్టి వెయ్యి" అంది.